కెటిల్ ఈల: ఆవిరి దారి, వేడి దారి

పొయ్యి మీద పెడితే నీళ్ళు మరగగానే ఈల వేసే కెటిల్ తెలుగు వంటింటికి పాత చుట్టం కాదు. మన దగ్గర పొయ్యి మీద ఈల అంటే కుక్కరుదే. టీ అంటే గిన్నెలో నీళ్ళు, పాలు, టీ పొడి, చక్కెర కలిపి రెండు పొంగులు రానిచ్చేదే. ఈల కెటిల్ బ్రిటన్, అమెరికా ఇళ్ళలో స్థిరపడిన వస్తువు. బ్రిటన్‌లో దాని చోటు చాలావరకు కరెంటు కెటిల్‌కు పోయింది. అక్కడ ఇంటి కరెంటు 230 వోల్టులు, మామూలు ప్లగ్గు 13 ఆంపియర్లు మోస్తుంది. అంటే దాదాపు 3 కిలోవాట్లు. లీటరు చన్నీళ్ళు రెండు నిమిషాలకు మరుగుతాయి. అమెరికాలో మామూలు ప్లగ్గు 120 వోల్టులు, 15 ఆంపియర్లు. దాన్నుంచి ఎంత లాగినా 1.8 కిలోవాట్లకు మించి రాదు. అక్కడి కరెంటు కెటిళ్ళు ఎక్కువగా 1.5 కిలోవాట్లవే కాబట్టి అదే లీటరుకు నాలుగు నిమిషాలు పడుతుంది. పొయ్యి మీద పెట్టినా ఇంచుమించు అంతే. అందుకే అమెరికాలో పొయ్యి కెటిల్‌కు ఇంకా కాలం చెల్లలేదు. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో కాపురం పెట్టిన మనవాళ్ళకు కూడా అది అక్కడే అలవాటవుతుంది.

మన ఊళ్ళలోనూ ఇప్పుడు దానికి పని దొరుకుతోంది. పొద్దున్నే ఫిల్టర్‌లో డికాక్షన్‌కు మరిగే నీళ్ళు కావాలి. పెద్దవాళ్ళకు ఫ్లాస్కు నింపాలి, చంటిపిల్లలకు కాచి చల్లార్చిన నీళ్ళు ఉంచాలి. గ్రీన్ టీ తాగేవాళ్ళు ఇంటికొకరు తయారయ్యారు. కరెంటు పోయినా ఈ కెటిల్ పని ఆగదు. కొనబోతే మాత్రం కొన్ని వందల రూపాయల దగ్గర్నుంచి కొన్ని వేల దాకా ధరలు కనిపిస్తాయి. రాగి పూత, మూడు పొరల అడుగు, డిజైనర్ పేరు, ఒక్కోదానికీ ఒక్కో గొప్ప. వీటిలో ఏది పనికొచ్చేది, ఏది పైమెరుగు?

దీనికి భౌతికశాస్త్రం దగ్గర సూటి జవాబు ఉంది. కెటిల్‌లో నడిచేవి రెండే: కింది నుంచి లోపలికి వేడి, లోపలి నుంచి పైకి ఆవిరి. ఈ రెండు దారులూ సరిగా ఉంటే చవక కెటిల్ అయినా జీవితకాలం పనిచేస్తుంది. ఏ ఒక్కటి దెబ్బతిన్నా ఖరీదు దాన్ని కాపాడదు.

ఈల పుట్టేచోటు

కొమ్ము చివర ఉన్న ఈల మూతను విప్పి వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడండి. అందులో రెండు పలచని రేకులు ఎదురెదురుగా ఉంటాయి. మధ్యలో కొన్ని మిల్లీమీటర్ల ఖాళీ. రెండు రేకులకూ నడిమధ్యన ఒక్కొక్క చిన్న రంధ్రం, ఒకదానికొకటి సరిగ్గా ఎదురుగా. అంతే, కదిలే భాగం ఒక్కటీ లేదు. ఇంత చిన్న అమరిక ఎలా పాడుతుందన్నది శాస్త్రజ్ఞులకు చాలాకాలం పూర్తిగా తేలలేదు. 1870ల చివర్లో వెలువడిన 'థియరీ ఆఫ్ సౌండ్' గ్రంథంలో లార్డ్ రేలీ దీనికి ఒక వివరణ ప్రతిపాదించాడు. అసలు కారణాన్ని కొలతలతో తేల్చింది మాత్రం 2013లో. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగ్ చదువుతున్న రాస్ హెన్రీవుడ్, ఆయన అధ్యాపకుడు అనురాగ్ అగర్వాల్ కలిసి కెటిల్ ఈలల నమూనాలు తయారుచేసి, వాటిలోంచి వేర్వేరు వేగాలతో గాలిని పంపి, వచ్చిన ధ్వనిని కొలిచారు. ఫలితాలను 'ఫిజిక్స్ ఆఫ్ ఫ్లూయిడ్స్' పత్రికలో ప్రచురించారు.

వాళ్ళు చూపించింది ఇదీ. కొమ్ములోంచి వచ్చే ఆవిరి మొదటి రేకు రంధ్రంలో దూరేటప్పుడు ఇరుకున పడి సన్నని ధారగా మారుతుంది. ఆ ధార ఎక్కువ దూరం నిలకడగా సాగలేదు. రెండో రేకును చేరేలోపే వణుకుతుంది. వణికిన ధారలో కొంత రంధ్రంలోంచి బయటపడుతుంది, కొంత రేకుకు కొట్టుకుని వెనక్కి ఒత్తిడి పంపుతుంది. ఆ ఒత్తిడి తర్వాత వచ్చే ధారను మళ్ళీ వణికిస్తుంది. రెండో రంధ్రం దాటిన చోట ఆవిరి చిన్న చిన్న సుడులుగా విడిపోతుంది. ఈ సుడులే శబ్దానికి మూలం. ఆవిరి మెల్లగా వస్తున్నప్పుడు, ఖాళీ సీసా మూతి మీద ఊదినప్పుడు ఎలా మోగుతుందో ఈల అలా మోగుతుంది. వేగం ఒక హద్దు దాటాక పద్ధతి మారుతుంది. అప్పుడు కొమ్ములో ఉన్న ఆవిరి స్తంభం మొత్తం కంపిస్తుంది. స్వరం ఎంత ఎత్తున ఉండాలో కొమ్ము పొడవు నిర్ణయిస్తుంది. పొడవైన కొమ్ముకు మంద్రమైన స్వరం, పొట్టి కొమ్ముకు కీచు స్వరం. ఇళ్ళలో నీటి గొట్టాలు అప్పుడప్పుడు కూతపెట్టడానికి, పాడైన కారు సైలెన్సర్లు ఈల వేయడానికి వెనక కూడా ఇలాంటి కారణమే ఉంటుంది కాబట్టి ఈ పరిశోధన ఉపయోగం కెటిల్‌తో ఆగిపోదు.

కొనేవాళ్ళకు ఇందులోంచి మొదట తెలిసే సంగతి ఏమిటంటే, ఈలకు ఖరీదైన లోహం అక్కర్లేదు. రెండు రేకులు, ఎదురెదురుగా ఉన్న రెండు రంధ్రాలు, వాటి మధ్య సరైన ఎడం చాలు. రంధ్రాల అంచులు నున్నగా, గుండ్రంగా ఉన్నాయో లేదో, ఒకదాని వెనక ఒకటి సూటిగా ఉన్నాయో లేదో కంటితోనే చూడొచ్చు. వంకరగా కొట్టిన రంధ్రాలున్న ఈల బుసకొడుతుంది గాని పాడదు.

డిజైన్ చరిత్ర కూడా ఇదే చెబుతుంది. ఇటలీలోని అలెస్సీ కంపెనీ కోసం 1983లో రిచర్డ్ శాపర్ ఒక కెటిల్ రూపొందించాడు. ఇత్తడి గొట్టాలతో రెండు స్వరాలు ఒకేసారి పలికే ఈల దానికి పెట్టాడు. మ్యూజియంలు దాచుకున్న అందమైన వస్తువది. రెండేళ్ళకు, 1985లో అదే కంపెనీకి అమెరికన్ వాస్తుశిల్పి మైఖేల్ గ్రేవ్స్ కొమ్ము మీద ఎర్రటి పక్షి వాలిన కెటిల్ ఇచ్చాడు. ఖరీదైనదే అయినా అది పది లక్షలకు పైగా అమ్ముడైంది. మళ్ళీ అదే గ్రేవ్స్ 1999లో టార్గెట్ దుకాణాల కోసం సామాన్యులు కొనగలిగే ధరల్లో వంటింటి సామాన్లు రూపొందించాడు. ఆ వరసలో ఈల కెటిల్ కూడా ఉంది. అలెస్సీ కెటిళ్ళను ఇష్టపడి కొనుక్కునేవాళ్ళను తప్పుపట్టాల్సిన పని లేదు, అందానికి విలువ ఉంది. నీళ్ళు మరిగాయని చెప్పే పనికి మాత్రం టార్గెట్‌ది చాలు.

మూతదే భారం

ఇప్పుడు కాస్త లెక్క. మన గ్యాస్ పొయ్యి మీద మామూలు బర్నర్ 2 కిలోవాట్ల వేడి ఇస్తుందనుకుందాం. అందులో 60 శాతం నీళ్ళలోకి చేరుతుందనుకుంటే 1.2 కిలోవాట్లు. మరిగే ఒక గ్రాము నీటిని ఆవిరి చేయడానికి 2257 జౌళ్ళు కావాలి. అంటే సెకనుకు అర గ్రాము పైచిలుకు నీరు ఆవిరవుతుంది. చాలా కొద్ది నీరే. కాని నీరు ఆవిరయ్యేటప్పుడు దాదాపు 1,670 రెట్లు ఉబ్బుతుంది. ఆ అర గ్రామే సెకనుకు 0.9 లీటరు ఆవిరి అవుతుంది. అదంతా 5 మిల్లీమీటర్ల రంధ్రంలోంచి పోవాలంటే సెకనుకు 45 మీటర్ల వేగం కావాలి. గంటకు 160 కిలోమీటర్లు. తీరం దాటే అతి తీవ్ర తుపాను గాలికి ఉండే వేగం ఆ చిన్న రంధ్రంలో ఉంటుంది.

ఆ వేగాన్ని పుట్టించడానికి కెటిల్‌లో ఎంత ఒత్తిడి ఉండాలి? సుమారు 600 పాస్కల్‌లు. వాతావరణ పీడనంలో ఒక శాతం కూడా కాదు. కుక్కరుకు, కెటిల్‌కు ఉన్న అసలు తేడా ఇక్కడే. కుక్కరులో బరువైన వెయిట్ ఆవిరిని అడ్డుకుని, లోపలి పీడనాన్ని దాదాపు రెట్టింపు చేసి, నీటిని 120 డిగ్రీల దాకా తీసుకెళ్తుంది. కెటిల్ ఆవిరిని ఆపదు, పోనిస్తుంది. కాబట్టి కెటిల్ ఈల వేస్తుంటే పేలుతుందేమోనని భయపడాల్సిన అవసరం లేదు. కుక్కరు విజిళ్ళు లెక్కపెట్టే అలవాటుతో దీని ఈలను కొలవకూడదు కూడా.

ఒత్తిడి తక్కువే గాని, మూత మీద అది చేసే పని తక్కువ కాదు. పది సెంటీమీటర్ల వెడల్పున్న మూతను 600 పాస్కల్‌ల ఒత్తిడి కింది నుంచి దాదాపు అర కిలో బరువుకు సమానమైన బలంతో ఎత్తుతుంది. చవక కెటిల్ మూత తూచి చూస్తే వంద గ్రాములుంటే ఎక్కువ. అది బిగువుగా కూర్చోకపోతే ఆవిరి మూత అంచు నుంచి జారిపోతుంది, ఈల దాకా చేరదు. కొన్నాళ్ళకే ఈల ఆగిపోయిందని జనం పక్కన పడేసే కెటిళ్ళలో ఈల బాగానే ఉంటుంది. వదులైంది మూత. అందుకే కొట్లో నా చూపు ముందు మూత మీదే ఉంటుంది. మూత పెట్టి కెటిల్‌ను పక్కకు వంచితే జారకూడదు. వేలితో అంచు మీద నొక్కితే టకటకలాడకూడదు. తీసేటప్పుడు కాస్త బలం పెట్టాల్సి రావాలి. అలాగని గోళ్ళు విరిగేంత బిగువు కూడా వద్దు. పై నుంచి మూత తీసి నీళ్ళు పోసే రకం కొంటే మూతి వెడల్పు కూడా చూడాలి. చెయ్యి దూరి లోపల తోమగలిగితేనే ఆ కెటిల్ పదేళ్ళు శుభ్రంగా ఉంటుంది. కొమ్ములోంచే నీళ్ళు నింపే మూత లేని రకాలకు ఆవిరి జారే బెడద లేదు. కాని లోపల ఏం పేరుకుందో కంటికి కనబడదు. మన బోరునీళ్ళకు అది నేను సిఫారసు చేయను.

కొమ్ము శరీరానికి ఎక్కడ అతుక్కుందో కూడా చూడండి. మూత తీసి లోపలికి చూస్తే కొమ్ము రంధ్రం కనబడుతుంది. నీటిమట్టం ఆ రంధ్రానికి కిందుగా ఉండాలి. అంతకు మించి నింపితే ఆవిరి పైన చిక్కుకుపోయి, బయటికి దారి లేక నీటినే కొమ్ములోకి తోస్తుంది. ఈలలోంచి సలసలకాగే నీళ్ళు చిమ్మడానికి కారణం ఇదే. గరిష్ఠ గీత లోపల చెక్కి ఉంటే సరే, లేకపోతే కొమ్ము రంధ్రం కింది అంచునే గీత అనుకోవాలి. కొమ్ము మరీ కిందుగా అతికిన కెటిల్‌లో రెండు లీటర్లు పడతాయని రాసి ఉన్నా లీటరుంపావుకు మించి కాచలేం. డబ్బా మీది అంకె కన్నా కొమ్ము అతికిన ఎత్తే నిజం చెబుతుంది.

ఇదే కారణంతో పాలు గాని, టీ పొడి వేసిన నీళ్ళు గాని ఇందులో కాచకూడదు. పాల నురగ కొమ్ములోకి ఎగబాకి ఈల రంధ్రాలను మూసేస్తుంది. ఇది నీళ్ళకు మాత్రమే.

మంట బాగా తగ్గించి పెట్టినవాళ్ళు ఈల రాలేదని ఫిర్యాదు చేయడం కూడా మామూలే. సిమ్‌లో నీళ్ళు మరుగుతాయి గాని సెకనుకు పుట్టే ఆవిరి తగ్గిపోతుంది. సగం ఆవిరికి సగం వేగం, ధార సుడులు తిరిగేంత బలం ఉండదు. అది కెటిల్ లోపం కాదు.

ఈల ఎవరి చెవికి?

ఈలకు ముందు కెటిల్ ఇంకో రకంగా చప్పుడు చేస్తుంది. అడుగున పుట్టిన ఆవిరి బుడగలు పైనున్న చల్లటి నీటిలోకి లేచి టపటపా పగిలిపోతాయి. అదే ఆ రొద. నీళ్ళంతా మరిగే వేడికి వచ్చాక బుడగలు పగలకుండా పై దాకా వస్తాయి, రొద తగ్గి మెత్తబడుతుంది. మన పెద్దవాళ్ళు ఎసరు చప్పుడు విని మరిగిందో లేదో చెప్పేది దీన్ని బట్టే. అలా వినడం చేతకాని వాళ్ళకు, పక్క గదిలో ఉన్నవాళ్ళకు ఈల అవసరం.

మనిషి చెవి 2,000 నుంచి 4,000 హెర్ట్జ్‌ల మధ్య ధ్వనులను బాగా పట్టుకుంటుంది. చాలా ఈలలు ఆ ప్రాంతంలోనే పలుకుతాయి. కాని వయసు పైబడేకొద్దీ ముందు పోయేది ఎత్తు స్వరాలు వినే శక్తే. ఇంట్లో డెబ్బై దాటిన తాతయ్యో అమ్మమ్మో ఒంటరిగా పొయ్యి దగ్గర మసలుతుంటే కీచుగా అరిచే పొట్టి కొమ్ము కెటిల్ వాళ్ళకు వినబడకపోవచ్చు. పొడవైన కొమ్ము, మంద్ర స్వరం ఉన్నది ఎంచుకోండి. కొన్న రోజే మరిగించి, వాళ్ళను పక్క గదిలో కూర్చోబెట్టి వినిపించండి. వినబడకపోతే మార్చుకురండి. ఈ ఒక్క పరీక్ష మిగతా అన్నిటికన్నా ముఖ్యమని నా నమ్మకం.

వేడి నడిచే దారి

రాగి వేడిని బాగా ప్రసరింపజేస్తుందని బడిలో చదువుకున్నాం. నిజమే. రాగి ఉష్ణవాహకత 400 దాకా ఉంటే అల్యూమినియానిది 200 పైచిలుకు, స్టెయిన్‌లెస్ స్టీలుది 15 మాత్రమే. ఈ అంకెలు చూసి రాగి కెటిల్‌కు రెట్టింపు డబ్బు పెట్టేవాళ్ళున్నారు. గ్యాస్ పొయ్యి మీద ఆ డబ్బు వృథా. ఎందుకంటే కెటిల్ అడుగు పలచన. అర మిల్లీమీటరు మందం స్టీలు అడుగు, 16 సెంటీమీటర్ల వెడల్పు, 1.2 కిలోవాట్ల వేడి అనుకుని లెక్కేస్తే, అడుగు రేకు కింది వైపుకు, పై వైపుకు ఉష్ణోగ్రతలో తేడా 2 డిగ్రీలే వస్తుంది. రాగి అయితే ఆ తేడా ఇంచుమించు సున్నా. మంట వెయ్యి డిగ్రీలకు పైగా వేడితో కింద ఉన్నప్పుడు ఈ 2 డిగ్రీలు లెక్కలోకి రావు. వేడి నిజంగా తడబడేది లోహంలో కాదు, మంటకూ లోహానికీ మధ్య ఉన్న పలచని వాయువు పొరలో. దాన్ని జయించే ఉపాయం ఒక్కటే: వెడల్పాటి అడుగు. మంట అడుగు దాటి పక్కలకు ఎగబాకితే ఆ వేడి గోడనూ పిడినీ కాల్చి గాల్లో కలుస్తుంది. సన్నటి అడుగున్న ముచ్చటైన కెటిళ్ళు బర్నర్ ఇనుప కాళ్ళ మీద ఊగిసలాడతాయి కూడా. పిల్లలున్న ఇంట్లో అది గ్యాస్ ఖర్చు కన్నా పెద్ద సమస్య.

అమెరికాలో గాజుపలక కరెంటు పొయ్యిలున్న ఇళ్ళకు ఈ లెక్క మారుతుంది. అక్కడ వేడి ప్రధానంగా పలకకు తగిలిన చోటి నుంచే ఎక్కుతుంది. పలచని అడుగు వేడికి వంగి మధ్యలో అర మిల్లీమీటరు ఎత్తు లేచినా ఆ సందులో గాలి చేరుతుంది. గాలి వేడిని దాదాపు ప్రసరింపజేయదు. వాళ్ళకు మందమైన, వంగని అడుగు, స్టీలు మధ్యలో అల్యూమినియం పొదిగినది పనికొస్తుంది. దానికి పెట్టే డబ్బు దండగ కాదు. ఇండక్షన్ పొయ్యికయితే అడుగు అయస్కాంతానికి అంటుకుని తీరాలి.

అయస్కాంతం మాట వచ్చింది కాబట్టి ఒక అపోహ గురించి చెప్పాలి. అయస్కాంతం అంటుకోకపోతే మంచి స్టీలు అని కొట్లో చెబుతుంటారు. 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉన్న 304 రకానికి అయస్కాంతం అంటుకోదు. నిజమే. కాని నికెల్ తగ్గించి మాంగనీస్ పెంచిన చవక 202 రకానికీ అంటుకోదు. అంటే ఆ పరీక్ష ఈ రెంటినీ వేరుచేయలేదు. అడుగున చెక్కిన గ్రేడు అంకెను, బిల్లు మీద రాసిన మాటను అడగడమే మార్గం. నీళ్ళు కాచి వెంటనే వంపేసి ఆరబెట్టే ఇంట్లో 202 కూడా చాలాకాలం నడుస్తుంది. ఉప్పునీళ్ళ ఊళ్ళలో, రాత్రంతా నీళ్ళు అందులోనే ఉంచేసే అలవాటున్నచోట 304కే డబ్బు పెట్టండి. ఎనామిల్ పూత కెటిళ్ళు చూడముచ్చటగా ఉంటాయి. లోపల ఇనుము, పైన గాజు. ఒక్కసారి కింద పడి పెచ్చు లేచిందా, అక్కణ్ణుంచి తుప్పు మొదలవుతుంది.

ఇక సున్నం సంగతి. బోరునీళ్ళలో కరిగి ఉన్న కాల్షియం బైకార్బొనేట్ వేడికి విడిపోయి కాల్షియం కార్బొనేట్‌గా అడుగున పేరుకుంటుంది. ఈ తెల్లటి పొర వల్ల గ్యాస్ విపరీతంగా ఖర్చవుతుందనే మాట అతిశయోక్తి. మిల్లీమీటరు పొర అడుగు రేకు వేడిని ఓ అరవై డిగ్రీలు పెంచుతుంది, మంట వేడి ముందు అది కొద్దిపాటి నష్టమే. అసలు నష్టం వేరేచోట ఉంది. అదే సున్నం మూత కూర్చునే అంచున, ఈల రంధ్రాల్లో చేరి ఆవిరి దారిని చెడగొడుతుంది. పెచ్చులు లేచి గ్లాసులోకి వస్తాయి. నెలకోసారి కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు ఒక చెంచా వేసి, నీళ్ళు కాచి అరగంట ఉంచితే బుసబుసమని బొగ్గుపులుసు వాయువు లేచి పొర కరిగిపోతుంది. ఈల మూతను కూడా విడదీసి అదే నీళ్ళలో వేయాలి. అల్యూమినియం కెటిల్ అయితే పులుపు అంతసేపు ఉంచకూడదు.

ఈ సందర్భంలో నల్లగొండ, ప్రకాశం లాంటి ఫ్లోరైడ్ పీడిత ప్రాంతాల పాఠకులకు ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. నీళ్ళు కాస్తే ఫ్లోరైడ్ పోదు. నీరు కొంత ఆవిరైపోయి ఫ్లోరైడ్ అలాగే మిగులుతుంది కాబట్టి ఇంకాస్త చిక్కబడుతుంది. కాచడం సూక్ష్మజీవులను చంపుతుంది, అందుకు మాత్రమే. దానికి కూడా ఈల రాగానే ఆపకుండా ఒక నిమిషం మరగనివ్వాలి. ఈల 100 డిగ్రీలను కొలవదు, మరుగును పట్టిస్తుంది. సముద్రమట్టానికి 540 మీటర్ల ఎత్తున ఉన్న హైదరాబాదులో నీళ్ళు 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, అరకులో ఇంకా తక్కువకు. ఆ నిమిషం పాటు మరిగితే ఆ ఎత్తుల్లోనూ సరిపోతుంది.

మరిచిపోయిన పది నిమిషాలు

నీళ్ళు మరగడం మొదలయ్యాక ఎంత మంట పెట్టినా వాటి ఉష్ణోగ్రత పెరగదని, ఆ వేడంతా ఆవిరిలో దాగిపోతుందని 1760లలో గ్లాస్గోలో జోసెఫ్ బ్లాక్ నిరూపించాడు. గుప్తోష్ణం అని మనం చదువుకున్నది అదే. వంటింట్లో దాని అర్థం ఏమిటో చూడండి. 25 డిగ్రీల లీటరు నీళ్ళు మన బర్నర్ మీద నాలుగున్నర నిమిషాల్లో మరుగుతాయి. దానికి 11 గ్రాముల పైచిలుకు గ్యాస్ ఖర్చవుతుంది. మరిగిన సంగతి తెలియక ఇంకో పది నిమిషాలు వదిలేస్తే మరో 26 గ్రాములు. రెండు లీటర్లకు పైగా నీళ్ళు కాచే గ్యాస్ ఆవిరిగా పోయింది, నీళ్ళు మాత్రం ఒక్క డిగ్రీ కూడా పెరగలేదు. రోజుకోసారి ఇలా జరిగే ఇంట్లో ఏడాదికి తొమ్మిదిన్నర కిలోలు, అంటే 14.2 కిలోల సిలిండర్‌లో మూడింట రెండు వంతులు పోతుంది. ఈల కెటిల్ తన ఖరీదును ఇక్కడ తిరిగి తెచ్చిస్తుంది.

ఈల వినిపించుకోకపోతే లీటరు నీళ్ళు అరగంటలో పూర్తిగా ఇగిరిపోతాయి. నీరున్నంతసేపూ లోహాన్ని 100 డిగ్రీల దగ్గర పట్టి ఉంచుతుంది. ఇగిరిపోయాక ఒకటి రెండు నిమిషాల్లోనే అడుగు కొన్ని వందల డిగ్రీలకు ఎక్కుతుంది. అప్పటికి ఈల కూడా ఆగిపోయి ఉంటుంది. అల్యూమినియం 660 డిగ్రీలకు కరిగిపోతుంది. మాటు వేసి కొమ్ము అతికిన కెటిల్ ఇంకా ప్రమాదం. తగరం, సీసం కలిపిన మాటు 183 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. పైగా అందులోని సీసం రోజూ నీళ్ళకు తగులుతూ ఉంటుంది. కొమ్ము మొదట్లో బూడిదరంగు మెత్తటి మాటు కనబడితే ఆ కెటిల్ ఎంత చవకైనా కొనవద్దు. వెల్డింగ్ చేసినదో, ఒకే రేకులోంచి లాగినదో తీసుకోండి.

చివరిగా చెయ్యి. కొమ్ము చివర ఒకటి రెండు సెంటీమీటర్ల మేర ఏమీ కనబడదు, ఆ తర్వాతే తెల్లటి పొగలా మొదలవుతుంది. కనబడని ఆ భాగమే అసలు ఆవిరి. తెల్లగా కనిపించేవి చల్లబడి ఏర్పడిన నీటి తుంపరలు. ఒక గ్రాము మరిగే నీళ్ళు చర్మం మీద పడితే ఇచ్చే వేడికి దాదాపు పది రెట్లు, ఒక గ్రాము ఆవిరి చర్మం మీద నీరుగా మారుతూ ఇస్తుంది. అందుకని ఈల మూతను వేళ్ళతో పట్టి తీయాల్సిన కెటిల్ కన్నా, పిడి దగ్గరున్న మీటను బొటనవేలితో నొక్కితే తెరుచుకునేది మేలు. మీట స్ప్రింగు గట్టిగా ఉందా, పిడి కొమ్ముకు వెనక్కి ఉందా, నిప్పుకు దూరంగా ఉందా చూడండి. లియో బేక్‌లండ్ 1907లో కనిపెట్టిన బేకలైట్ వేడికి కరగదు కాబట్టి దానితో చేసిన పిడి నమ్మదగినది. నిండు కెటిల్‌ను ఒంటిచేత్తో ఎత్తాలి కాబట్టి నలుగురున్న ఇంటికి లీటరున్నర చాలు. రెండు లీటర్లది నిండితే రెండున్నర కిలోలు దాటుతుంది, పెద్దవాళ్ళ మణికట్టు దాన్ని భరించలేదు.

ఎక్కువ డబ్బు పెట్టొద్దు. గ్యాస్ పొయ్యి ఉన్నవాళ్ళు లీటరున్నర స్టీలు కెటిల్, వెడల్పు అడుగు, బిగువైన మూత, చెయ్యి దూరే మూతి, వెల్డింగ్ చేసిన కొమ్ము, మీటతో తెరుచుకునే ఈల ఉన్నది తీసుకోండి. కొనేముందు దుకాణదారుణ్ణి అడిగి రెండు గ్లాసుల నీళ్ళు పోయించి, మూత పెట్టి, గ్లాసులోకి వంపి చూడండి. ధార కొమ్ము కిందికి జారకుండా గ్లాసులో పడాలి, మూత కదలకూడదు. నీళ్ళు పోసి చూడనివ్వని కొట్లో కెటిల్ కొనకండి.